పూలకి నీళ్లు పెట్టిన దొంగ

"పంచదార ఒక్క చెంచాయే వేశారు," అన్నాడు ఏమోస్ టఫిన్. "జైల్లో పెడితే పెట్టండి గాని, టీ మాత్రం మనుషులు తాగేలా ఇవ్వండి."

డిటెక్టివ్ సార్జంట్ నోరా ఫెల్గేట్ పంచదార గిన్నెని ఆయన ముందుకి జరిపింది. ఇన్‌స్పెక్టర్ లయనెల్ రేక్స్ చెయ్యి చాపి దాన్ని వెనక్కి లాక్కున్నాడు.

"ముందు జవాబు. తరవాత పంచదార."

"అడగండి మరి. పొద్దున్నించీ నన్ను చూస్తున్నారు గాని, ఏమీ అడగరేం?"

మార్కెట్ ఎల్డర్‌బీ టౌన్ హాలు మేడమీద, మేయర్ గదిలో ముగ్గురూ కూర్చుని ఉన్నారు. కిటికీ కింద బజారులో దుకాణాలు వేస్తున్నారు. మేకులు కొడుతున్న చప్పుడు, గొర్రెల అరుపులు, మధ్యమధ్య ఎవరో ఎవర్నో తిడుతున్న మాటలు పైకి వినిపిస్తున్నాయి. టఫిన్ ఇత్తడి గుండీల ఎర్రకోటు వేసుకుని, మూడు మూలల టోపీని మోకాలి మీద పెట్టుకున్నాడు. ఈ ఊరికి చాటింపు వేసేది ఆయనే. ఏటా సెయింట్ మార్గరెట్ పండగ రోజున టౌన్ హాలు వసారాలో నిలబడి, తోలుతో చేసి బంగారు రేకు అతికించిన పెద్ద చెయ్యిని కర్ర చివర కట్టి పైకెత్తి, "చెయ్యి లేచింది!" అని కేక వేస్తాడు. ఆ కేక పడితేనే సంత మొదలైనట్టు. అంతకుముందు గుడ్డు అమ్మినా తప్పే.

ఈ హక్కు ఊరికి ఏడువందల ఏళ్ల కిందట రాజుగారు శాసనం రాసి ఇచ్చింది. ఆ శాసనంలో ఇంకో మాట కూడా ఉంది. పండగనాడు మధ్యాహ్నం పన్నెండు లోపల చెయ్యి లేవకపోతే, సంత హక్కూ బజారు స్థలమూ ఊరు పొలిమేరలో ఉన్న దివాణం యజమానికి తిరిగి పోతాయి. ఇన్నేళ్లూ ఆ మాట ఎవరికీ పట్టలేదు. కిందటేడు ఆ దివాణాన్ని డిగ్బీ క్రోహర్స్ట్ అనే గరాజుల ఆసామి కొన్నాడు. బజారు నడుమ ఉన్న వెన్నమంటపం, రైతుల ఆడవాళ్లు వెన్నా గుడ్లూ పెట్టుకుని కూర్చునే రాతి మంటపం, దాని స్థానంలో పెట్రోలు బంకు ఎలా ఉంటుందో బొమ్మ గీయించి తన ఆఫీసు కిటికీలో తగిలించాడు. ఇవాళ పండగ. చెయ్యి బీరువాలో లేదు.

"చివరిసారి ఎప్పుడు చూశావు?" అన్నాడు రేక్స్.

"కిందటేడు. దించి బీరువాలో పెట్టినప్పుడు."

"ఈ పొద్దున ఎనిమిదింటికి మేయరమ్మ వచ్చి దానికి పూలు కట్టారు. అప్పుడు ఉంది. తొమ్మిదింటికి వచ్చి చూస్తే లేదు. బీరువా తాళం పగల్లేదు. తాళంచెవులు రెండే. ఒకటి మేయరమ్మ మెడలో గొలుసుకి ఉంది. రెండోది?"

"నా కోటు జేబులో."

"మరి ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య నువ్వెక్కడున్నావు?"

"ఇంట్లో పుక్కిలిస్తున్నా."

రేక్స్ పెన్సిలు ఆగింది. "గంటసేపా?"

"వెనిగరూ తేనే కలిపి. కేక వేసేది గొంతుతో బాబూ, మోచేత్తో కాదు. మా చెల్లెల్ని అడగండి. పక్కింటివాళ్లని అడగండి. వాళ్లైతే ఏటా గోడ మీద కొడతారు కూడాను."

నోరా నవ్వు ఆపుకుంది. టఫిన్ ఆవిడకి చిన్నప్పటినుంచీ తెలుసు. వాళ్ల నాన్న ఈ ఊరి చర్చిలో గంటలు మోగించేవాడు. ఆదివారం గంటలు అయ్యాక ఆయనా టఫినూ త్రీ టన్స్ సారాయి దుకాణంలో ఒకే బల్ల దగ్గర కూర్చునేవాళ్లు.

"ఏమోస్ అంకుల్," అంది, "గురువారం రాత్రి త్రీ టన్స్‌లో మీరేదో అన్నారట."

"చాలా అన్నాను. ఏది కావాలి?"

"'నా తరవాత ఆ చెయ్యి ఎవరెత్తుతారో చూస్తాను' అన్నారు," రేక్స్ అందుకున్నాడు. "ఈ సంతతో నిన్ను మాన్పించేస్తున్నారు. అందుకు నీకు కోపం. అవునా?"

"ఉండదా? నా స్థానంలో ఎవర్ని పెడుతున్నారో తెలుసా? లౌడ్‌స్పీకర్ని!" టఫిన్ టోపీ తీసి బల్లమీద పెట్టాడు. "అమ్మాయ్, నాకు కోపం ఉన్న మాట నిజం. కాని ఇవాళ నా ఆఖరి కేక. అది నేనే దొంగిలించుకుంటానా?"

"పన్నెండు దాకా చూస్తా," రేక్స్ లేచాడు. "చెయ్యి ఎక్కడుందో చెప్తే సరే. లేదా పన్నెండు కొట్టగానే నిన్ను కారెక్కించి కౌంటీ జైలుకి తీసుకుపోతా."

తలుపు తీసుకుని టౌన్ క్లర్కు సెప్టిమస్ లమ్లీ లోపలికి వచ్చాడు. ఊరి కాగితాలన్నీ చూసేది ఆయనే. చేతిలో బిస్కెట్ల పళ్లెం ఉంది. దాన్ని టఫిన్ ముందు పెట్టి, పంచదార గిన్నెని కూడా దగ్గరికి జరిపి, "క్షమించాలి ఇన్‌స్పెక్టర్ గారూ, మనిషి పొద్దున్నించీ ఏమీ తినలేదు," అన్నాడు.

టఫిన్ నాలుగు చెంచాలు వేసుకున్నాడు.

బీరువా ఉన్నది పక్కన సభ జరిగే హాల్లో. మేయర్ ఎడిత్ పాక్స్‌టన్ దాని ముందు నిలబడి ఉంది. మామూలు రోజుల్లో మేకులూ బకెట్లూ అమ్మే కొట్టు నడుపుతుంది. ఇవాళ ఎర్రటి అంగీ, మెడలో గొలుసు.

"చూడమ్మా నోరా, ఎలా మెరుస్తోందో," అంది గొలుసుని ఎత్తి పట్టుకుని. "నేను పూలు కట్టి ఇంటికెళ్లగానే వచ్చి తీసుకెళ్లి ఉప్పూ వెనిగరూ పెట్టి తోమిచ్చాడు పాపం లమ్లీ. ఇలా ఏడుపుగొట్టు రోజవుతుందని ఎవరికి తెలుసు?"

"ఇలాంటి పనులు మా చేతులతో చేయాల్సిందే కదండీ," అన్నాడు లమ్లీ.

నోరా మోకాళ్ల మీద కూర్చుని బీరువాలోకి చూసింది. అద్దాల తలుపులు. లోపల చెయ్యిని నిలబెట్టే కొయ్య దిమ్మ. తాళం దగ్గర గీత లేదు. దిమ్మ మీద బంగారు పొడి రాలలేదు. అంటే చెయ్యిని లాగలేదు, ఎత్తారు.

"దీన్ని చుట్టిపెట్టే గుడ్డ ఉండాలి కదా?"

"ఆకుపచ్చ ఉన్నిగుడ్డ. అదీ పోయింది," అంది మేయర్.

"మరి మీరు కట్టిన పూలు?"

"అవి ఇక్కడే ఉన్నాయిగా." మేయర్ కిటికీ గట్టు మీదికి చూపించింది. గట్టు మీద నీళ్ల కూజా ఉంది. అందులో గులాబీలూ లావెండరూ. కాడలకి కట్టిన రిబ్బను విప్పి, మడిచి, కూజా పక్కన పెట్టి ఉంది.

"ఇవి మీరు పెట్టారా కూజాలో?"

"నేనా? నేను చెయ్యి మణికట్టుకి కట్టి వెళ్లాను."

"లమ్లీ గారూ, మీరు?"

"నేను చూసేసరికే అలా ఉన్నాయి సార్జంట్."

నోరా లేచి నిలబడింది. రేక్స్ తలుపు దగ్గర వాచీ చూసుకుంటున్నాడు.

"సార్, ఇది చూడండి. దొంగ పూలు విప్పి నీళ్లలో పెట్టాడు."

"మిస్ ఫెల్గేట్..."

"సార్జంట్ ఫెల్గేట్, సార్."

"దొంగ పూలకి నీళ్లు పెట్టాడని రిపోర్టులో రాయమంటారా? పైవాళ్లు దాన్ని చదివి నన్ను తోటమాలి పనిలో పెడతారు."

"రాయండి. అసలు విషయం అందులోనే ఉంది. క్రోహర్స్ట్ పంపిన మనిషైతే ఏం చేస్తాడు? చెయ్యిని తీసుకెళ్లి పొయ్యిలో పడేస్తాడు. పని అయిపోతుంది. పూలు నేలమీద పడుంటాయి. ఈ మనిషి చెయ్యికి దెబ్బ తగలకుండా గుడ్డ చుట్టాడు. మేయరమ్మ కష్టపడి కట్టిన పూలు వాడిపోతాయని నీళ్లలో పెట్టాడు. ఇతనికి సంత ఆగిపోవాలి. కాని చెయ్యి పాడవకూడదు. ఇలాంటి దొంగ ఈ ఊళ్లో తప్ప ఎక్కడా పుట్టడు."

"చెప్పారు కదా మీరే," రేక్స్ గొంతులో మొదటిసారి ఉత్సాహం వినిపించింది. "ఈ ఊళ్లోనే పుట్టాడు. చెయ్యంటే ప్రాణం. సంత మీద కోపం. జేబులో తాళంచెవి. పక్క గదిలో కూర్చుని బిస్కెట్లు తింటున్నాడు. చాలా థ్యాంక్స్ సార్జంట్."

నోరా మళ్లీ పూల కూజా వైపు తిరిగింది.

"మీరు ఈ కేసులో ఎందుకున్నారో తెలుసా?" అన్నాడు రేక్స్. "మీరు ఈ ఊరివాళ్లని. నేనెందుకొచ్చానో తెలుసా? అదే కారణం. మీవాళ్లని మీరు పట్టుకోలేరు."

"నేను ఈ ఊరిదాన్ని కాబట్టే ఒక మాట నమ్మకంగా చెప్పగలను సార్. చెయ్యి భద్రంగా ఉంది. తడవని చోట ఉంది. ఊరు దాటలేదు. ఇవాళ సాయంత్రానికి ఎవరో దాన్ని మళ్లీ బీరువాలో పెడతారు కూడా."

"సాయంత్రానికి సంత ఉండదమ్మా," అంది మేయర్ మెల్లిగా.

అప్పుడే చర్చి గడియారం పదకొండు కొట్టింది.

ఎల్డర్‌బీ పెద్దగంట గట్టిగా మోగే గంట. నది అవతల పొలాల్లో ఉన్నవాళ్లు కూడా దాన్ని విని భోజనానికి లేస్తారు. ఇవాళ మాత్రం దుప్పటి కింద పెట్టి కొట్టినట్టు దబ్ దబ్‌మని మోగింది. మేయర్ తల వంచుకుంది. కిటికీలోంచి చూస్తే బజారులో మగవాళ్లంతా టోపీలు తీశారు. గొర్రెలు అమ్మేవాడు కూడా తీశాడు. పదకొండో దెబ్బ పడ్డాక అందరూ పెట్టుకున్నారు.

"ఏమిటిది?" అంది నోరా.

"బెక్స్‌బీ గారి కోసం," అంది మేయర్. పాత మేయర్ బెక్స్‌బీ మంగళవారం పోయాడు. "పొద్దున తొమ్మిదింటి నుంచీ ఇలాగే కొడుతోంది. గంటకి తోలు తొడిగించారు. పాస్టర్ గారు చేయించారు. మంచి పని చేశారు."

"పాస్టర్ గారు మీతో చెప్పారా?"

"చెప్పాలా ఏమిటి? వినిపిస్తూనే ఉందిగా."

నోరా మెట్లు దిగింది.

పాస్టర్ ఓట్వే కోసం బజారంతా వెతకాల్సొచ్చింది. పందుల దొడ్డి దగ్గర లేడు, కేకుల దగ్గర లేడు. చివరికి జామ్ పోటీ డేరాలో దొరికాడు. మెడలో రుమాలు కట్టుకుని, చెంచాతో ఒక్కో సీసాలో జామ్ రుచి చూస్తున్నాడు. చుట్టూ పోటీకి జామ్ పెట్టిన ఆడవాళ్లు ఊపిరి బిగబట్టి ఆయన మొహంలోకి చూస్తున్నారు.

"గంటకి తోలు తొడిగించింది మీరేనా పాస్టర్ గారూ?"

"నేనా? లేదమ్మా. గంటల జట్టువాళ్లు చేసుంటారు. చాలా బాగుందనిపించింది."

"వాళ్లని అడగలేదా?"

పాస్టర్ ఇబ్బందిగా చెంచా వైపు చూశాడు. "ఎలా అడుగుతాం? 'నాకు చెప్పకుండా చేశారేం' అని దెప్పినట్టుంటుంది. పైగా మంచి పనాయె."

గంటల జట్టుకి పెద్ద, మాంసం కొట్టు జోబ్ హాలెట్, రెండు దుకాణాల అవతల సాసేజీలు వేయిస్తున్నాడు. నోరాని చూడగానే ఒకటి పొడిచి చేతికిచ్చాడు.

"తిను. నీ మొహం చూస్తే పస్తున్నట్టుంది. చెయ్యి దొరికిందా?"

"జోబ్, మీ జట్టువాళ్లు గంటకి తోలు తొడిగారా?"

"లేదే. పాస్టర్ చేయించాడు."

"ఆయన మీరు చేశారంటున్నాడు."

"ఓహో." హాలెట్ ఒక సాసేజీ తిరగేశాడు. "నాకూ పొద్దున అనిపించింది సుమా, ఇదేదో తేడాగా ఉందని. కాని ఆయనతో ఆ మాటంటే, 'మా జట్టుని పిలవకుండా వేరేవాళ్లతో చేయించారేం' అని నిలదీసినట్టుంటుంది కదా. బెక్స్‌బీ ఇంకా పూడ్చిపెట్టనైనా లేదు. అలాంటప్పుడు తగవెందుకని ఊరుకున్నా."

"తేడా ఏమిటి?"

"నీకు తెలీదా? మీ నాన్నని అడిగితే చెప్పేవాడు."

నోరా సాసేజీ నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయింది. ఆవిడకి తెలుసు. చిన్నప్పుడు నాన్నకి టీ తీసుకుని ఆ మెట్లెక్కేది. ఎవరైనా పోయినప్పుడు గంట నాలుకకి తోలు పట్టీ కడతారు. తాడు లాగి మోగించినప్పుడు నాలుక మెత్తగా తగులుతుంది. కాని గడియారం గంట నాలుకతో కొట్టదు. దానికి వేరే సుత్తి ఉంది. అది గంటని బయటినుంచి కొడుతుంది. నాలుకకి ఎన్ని తోళ్లు చుట్టినా గడియారం దెబ్బ ఖణేల్‌మనే మోగాలి.

మోగలేదంటే, గంటనే ఏదో ఆనుకుని ఉంది.

ఊరంతా విన్నది. ఊరంతా టోపీలు తీసింది. అడిగితే మర్యాదగా ఉండదని ఒక్కరూ అడగలేదు.

"జోబ్, పెద్దగంట తాడు ఇవాళ ఎప్పుడు లాగుతారు?"

"చెయ్యి లేచాక. అంతకుముందు ముట్టుకోం. ఆచారం."

అంటే చెయ్యి దొరికేదాకా ఆ గంట దగ్గరికి ఎవరూ పోరు. నోరా సాసేజీని అలాగే హాలెట్ చేతిలో పెట్టి జామ్ డేరాలోకి పరిగెత్తింది. జనం వచ్చేదాకా చర్చిలో మేకుకే వేలాడే గోపురం తాళంచెవిని పాస్టర్ జేబులోంచి తీసుకుని, జనాన్ని తోసుకుంటూ చర్చి వైపు పోయింది. టౌన్ హాలు మెట్ల దగ్గర మేయరూ లమ్లీ నిలబడి ఉన్నారు. "ఎక్కడికమ్మా?" అని మేయర్ అరిచింది. "పైకి!" అని నోరా చర్చి గోపురం చూపించింది.

తాళం తీసింది. తాళంచెవిని తలుపుకే వదిలేసి మెట్లెక్కింది.

గంటల గది సగం చీకటిగా ఉంది. ఆరు గంటలు వరసగా వేలాడుతున్నాయి. పెద్దగంట చివర ఉంది. నోరా దూలం మీద పొట్ట ఆనించి వంగి, గంట లోపలికి చెయ్యి పెట్టింది. ఉన్ని తగిలింది. నాలుకకీ గంట అంచుకీ మధ్య ఆకుపచ్చ గుడ్డ మూట ఇరికించి ఉంది. బాతంత బరువుంది. విప్పి చూసింది. ఐదు వేళ్లూ ఉన్నాయి, బంగారు రేకు ఎక్కడా చెదరలేదు.

"పదండి," అంది నోరా ఆ బంగారు చెయ్యితో. "మీ కోసం అక్కడ ఒక ముసలాయన పుక్కిలించి కూర్చున్నాడు."

కిందికి దిగింది. తలుపు మూసి ఉంది. తోసింది. కదల్లేదు. మళ్లీ భుజంతో తోసింది. బయటినుంచి తాళం వేశారు.

కొట్టింది. అరిచింది. బయట రంగులరాట్నం దగ్గర ఆవిరితో మోగే బాజా మొదలుపెట్టారు. నోరాకే తన కేక సరిగా వినిపించలేదు.

తాళం వేసినవాడు తాళంచెవి తలుపుకే ఉండడం చూశాడు. లోపల ఎవరున్నారో, ఎందుకున్నారో కూడా తెలుసు. అంత తెలిసినవాడు టౌన్ హాల్లో తన మాటలు విన్నవాడే. కాని దాని సంగతి ఇప్పుడు కాదు. పన్నెండుకి ఇంకెంతో లేదు.

చెయ్యిని చంకలో పెట్టుకుని మళ్లీ మెట్లెక్కింది. గంటల గది దాటి, నిచ్చెన ఎక్కి, తలుపు ఎత్తి గోపురం కప్పు మీదికి వచ్చింది. జెండా కర్ర మీద సెయింట్ జార్జి జెండా ఎగురుతోంది. తాడు విప్పి జెండాని దించింది. చెయ్యి మణికట్టుకి రెండు చుట్లు చుట్టి, గంటలవాళ్లు వేసే ముడి వేసింది. చెయ్యిని ఎత్తాలనే శాసనంలో ఉంది. ఏ కప్పు మీంచి అని లేదు.

తాడు లాగింది. చెయ్యి కుదుపులతో పైకి వెళ్లి, కర్ర చివర ఆగింది. ఎండ తగిలి మెరిసింది.

కింద ఒక్కరూ చూడలేదు. వెన్నమంటపం చుట్టూ జనం గుమిగూడి టౌన్ హాలు వసారా వైపే చూస్తున్నారు. ఖాళీ వసారా. మేయర్ గది కిటికీలో ఎర్రకోటు కనిపిస్తోంది. ఆ కోటు భుజం మీద రేక్స్ చెయ్యి వేశాడు.

నోరా కాళ్ల కింద గడియారం పన్నెండు కొట్టడం మొదలుపెట్టింది.

మొదటి దెబ్బకే ఊరు ఉలిక్కిపడింది. ఆ గంట పొద్దున్నించీ అలా మోగలేదు. గోపురం రాళ్లు అదిరాయి, పావురాలు లేచాయి. టోపీలు తీయబోయిన చేతులు మధ్యలో ఆగాయి. అందరి తలలూ ఒక్కసారే చర్చి వైపు తిరిగాయి.

"అదిగో చెయ్యి!" అని జోబ్ హాలెట్ అరిచాడు.

తరవాత కేక టౌన్ హాలు కిటికీలోంచి వచ్చింది. రేక్స్ పట్టు విడిపించుకుని, నడుం దాకా బయటికి వంగి, ఏమోస్ టఫిన్ గొంతెత్తాడు. గంటసేపు పుక్కిలించిన గొంతు అది. ఆవిరి బాజా కూడా దాని ముందు నిలవలేకపోయింది.

"చెయ్యి లేచింది! చెయ్యి లేచింది! చెయ్యి దిగేదాకా సంత సాగుతుంది!"

టోపీలు గాల్లోకి లేచాయి. ఎవరో మేయరమ్మని ముద్దు పెట్టుకున్నారు. గొర్రెలు దొడ్డి విరగ్గొట్టుకుని జామ్ డేరాలోకి పోయాయి. ఆఖరి దెబ్బ పడేసరికి వెన్నమంటపంలో మొదటి డజను గుడ్లు అమ్ముడుపోయాయి.

నోరా పిట్టగోడ మీద మోచేతులు ఆనించి కిందికి చూసి నవ్వింది. బజారులో ప్రతి మొహమూ పైకెత్తి ఉంది.

ఒక్కటి తప్ప.

గోపురం తలుపు ముందు ఒక మనిషి నిలబడి, ఆ తలుపు కేసి చూస్తున్నాడు. బట్టతల, నల్లకోటు. చేతిలో పెద్ద ఇనప తాళంచెవి. సెప్టిమస్ లమ్లీ. మేయరమ్మ గొలుసుని పొద్దున ఇంటినుంచి పట్టుకెళ్లి తోమిన మనిషి. ఆ గొలుసుకి ఉన్న బీరువా తాళంచెవి కూడా ఆయన చేతిలోనే ఉండుండాలి. క్రోహర్స్ట్ ఆయనకేం ఆశ చూపాడో గాని, ఊరి పాత వస్తువుని పాడుచేయడానికి మాత్రం ఆయనకి చేతులు రాలేదు.

"లమ్లీ!" అని నోరా అరిచింది. ఆ సంబరంలో వినేదెవరు?

లమ్లీ తాళంచెవిని తలుపులో పెట్టి తిప్పాడు. తిప్పి, దాన్ని అక్కడే వదిలేశాడు. నోరా ఎలా వదిలిందో అలాగే. చేతులు దులుపుకుని, జనం మధ్యలోంచి టౌన్ హాలు మెట్ల దగ్గరికి నడిచాడు. రేక్స్ అప్పుడే కిందికి దిగుతున్నాడు. లమ్లీ ఆయన చెవి దగ్గరికి వంగి ఏదో చెప్పాడు. చాలాసేపు చెప్పాడు. తరవాత బాధపడుతున్నట్టు తల ఆడిస్తూ గోపురం పైకి చూపించాడు.

రేక్స్ తలెత్తాడు. చెయ్యిని చూశాడు. దాని కింద ఒంటరిగా నిలబడ్డ నోరాని చూశాడు. మొహం విప్పారింది.

"సార్జంట్ ఫెల్గేట్!" చేతులు నోటికి అడ్డం పెట్టి అరిచాడు. "అక్కణ్ణించి కదలొద్దు! అది దొంగ సొత్తు! కోర్టులో చూపించాలి! నేనొచ్చి దించుతాను!"

దించితే సంత అయిపోయినట్టే. లమ్లీకి ఆ సంగతి రేక్స్ కంటే బాగా తెలుసు.

"సార్, నన్ను లోపల పెట్టి తాళం వేశారు!" అని నోరా అరిచింది.

రేక్స్ గోపురం దగ్గరికి వచ్చి తలుపుని ఒక్క వేలితో తోశాడు. తెరుచుకుంది. పైకి చూసి, వేలు చూపించి, లోపలికి వెళ్లాడు.

నోరా తాడు కొసని జెండా కర్ర మొదట్లో ఉన్న కొక్కేనికి మూడు చుట్లు చుట్టింది. మూడోదాని మీద గంటలవాళ్ల ముడి వేసి, దాని మీద ఇంకొకటి వేసింది. తరవాత కొక్కేనికి వీపు ఆనించి, కాళ్లు చాపుకుని కప్పు మీద కూర్చుంది. కింద బాజా మళ్లీ మొదలైంది. మెట్ల మీంచి బూట్ల చప్పుడు దగ్గరవుతోంది. ఇన్‌స్పెక్టర్ రేక్స్ ఆ బాజా పాటకే ఈల వేసుకుంటూ ఎక్కుతున్నాడు.